బండి పుట్టిన ఏడు: పామేడు–చర్ల సరిహద్దులో మోటార్‌సైకిల్ మోడల్ నిర్ధారణ

మోటార్‌సైకిల్ ఏ ఏడు, ఏ నెలలో తయారైందో దాని చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, విడిభాగాల మీది నంబర్లు చదివి తేల్చడాన్ని వాడుకలో ‘మోడల్ చూడడం’ అంటారు. కాగితాలు సక్రమంగా ఉన్న బండికి ఇది రెండు నిమిషాల పని. చేతులు మారి, రాష్ట్రం మారి, చివరికి ఇంజిన్ కూడా మారిన బండికి మాత్రం ఇనుము మీద కొట్టిన అక్షరాలే దిక్కు. ఛత్తీస్‌గఢ్‌లోని పామేడు లాంటి సరిహద్దు ఊళ్లలో ఈ రెండో రకం బండి ఎదురయ్యే వీలు ఎక్కువ. అందుకే ఈ వ్యాసం ఆ ఊరి నుంచి మొదలవుతుంది.

రెండు రాష్ట్రాల నడుమ ఊరు

పామేడు బీజాపూర్ జిల్లా ఉసూర్ బ్లాకులో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉంది. అడవి గేదెల కోసం ఏర్పాటు చేసిన సుమారు 262 చదరపు కిలోమీటర్ల అభయారణ్యానికి ఈ ఊరి పేరే పెట్టారు. చాలా ఏళ్లపాటు పామేడు జనం సొంత జిల్లా కేంద్రానికి పోవాలన్నా ముందు తెలంగాణలోని చర్లకు వచ్చి, అక్కడి నుంచి చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చేది. సరుకులకూ, వైద్యానికీ, బండి రిపేరుకూ చర్ల, అది కాకుంటే భద్రాచలం. ఇంట్లో కోయ, దోర్ల మాటలు, బజారులో తెలుగు, ఆఫీసులో హిందీ వినిపించే ప్రాంతం ఇది.

ఊరు కదలలేదు కానీ దాని చుట్టూ గీతలు చాలాసార్లు కదిలాయి. 1998లో పాత బస్తర్ జిల్లా నుంచి దంతెవాడ విడిపోయింది. 2000 నవంబర్ 1న మధ్యప్రదేశ్ నుంచి ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. 2007లో దంతెవాడ నుంచి బీజాపూర్ జిల్లా వచ్చింది. సరిహద్దుకు ఇవతల 2014లో తెలంగాణ ఏర్పడింది. అదే ఏడు భద్రాచలం చుట్టుపక్కల పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2016లో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విడివడింది. ఈ మార్పులన్నీ నంబర్ ప్లేట్ల మీదికి ఎక్కాయి.

నంబర్ ప్లేటు చెప్పేది ఎంతవరకు

ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా బండికి ఏపీ 20. కొత్తగూడెం జిల్లా వచ్చాక అక్కడి బండికి టీఎస్ 28. 2024 మార్చి నుంచి తెలంగాణలో కొత్త బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 మొదలైంది. సరిహద్దు అవతల జగదల్‌పూర్‌కు సీజీ 17, దంతెవాడకు సీజీ 18, బీజాపూర్‌కు సీజీ 20, సుక్మాకు సీజీ 26. ఖమ్మానికీ బీజాపూర్‌కూ ఒకే ఇరవై పడటం యాదృచ్ఛికమే. కానీ బురద కొట్టుకుపోయిన ప్లేటు మీద సగం అక్షరాలు చూసి పొరబడటానికి అది చాలు.

ప్లేటును బట్టి కొంత లెక్క కట్టవచ్చు. ఏపీ 39 నంబరు ఇచ్చిన తేదీ 2019కి ముందు ఉండదు. టీఎస్ 28 అయితే 2016కు ముందు కాదు. అయితే ఇక్కడే మోసం దూరుతుంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 47 ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. 2008లో ఖమ్మంలో ఏపీ 20తో రోడ్డెక్కిన స్ప్లెండర్, ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని పన్నెండేళ్ల తర్వాత సీజీ 20 నంబరు తీసుకుందనుకుందాం. ప్లేటు చూసిన వాళ్లకు అది నిన్నమొన్నటి బండి. ప్లేటు అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగకూడని ప్రశ్న అడిగాం, అంతే. ప్లేటు చెప్పేది బండి ఎక్కడ, ఏ పుస్తకంలోకి ఎక్కిందన్నదే. ఎప్పుడు పుట్టిందో చెప్పాల్సింది చాసిస్.

పదిహేడు అక్షరాలు

చాసిస్ నంబరు సాధారణంగా హ్యాండిల్ తిరిగే మెడ గొట్టం మీద పంచ్ కొట్టి ఉంటుంది. ఫోర్కులు పూర్తిగా ఒక పక్కకు తిప్పితే కనిపిస్తుంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, సుద్ద ముక్క అడ్డంగా రుద్ది, పైపైన మళ్లీ తుడిస్తే గుంటల్లో సుద్ద నిలిచి అక్షరాలు తెల్లగా తేలతాయి. టార్చి వెలుగు ఎదురుగా కాకుండా పక్క నుంచి పడితే ఇంకా బాగా చదవొచ్చు. కొత్తగూడెంలోనైనా జగదల్‌పూర్‌లోనైనా ఆర్టీఏ ఆఫీసుల్లో చేసే పని కూడా ఇంచుమించు ఇదే: కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ‘చాసిస్ ప్రింటు’ తీస్తారు. మన జనం ఇప్పటికీ బ్రేకు ఇన్‌స్పెక్టరని పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారి ఆ ప్రింటును ఆర్‌సితో (రిజిస్ట్రేషన్ పత్రంతో) పోలుస్తారు.

2000 దశకం మధ్య నుంచి మన దేశపు మోటార్‌సైకిళ్లలో 17 అక్షరాల అంతర్జాతీయ పద్ధతి స్థిరపడింది. ఇందులో ఇంగ్లిష్ అక్షరాలు ఐ, ఓ, క్యూ ఎక్కడా వాడరు. ఒకటితో, సున్నాతో కలగాపులగం కాకుండా పెట్టిన నియమం అది. కాబట్టి చాసిస్ మీద గుండ్రంగా కనిపించింది సున్నాయే. ఎనిమిదికీ బీకీ, అయిదుకీ ఎస్‌కీ మధ్య వచ్చే తికమక మాత్రం కంటితోనే తీర్చుకోవాలి. ఫోనులో చదివించుకుని రాసుకుంటే బీ, డీ, పీ, జీ ఒకలాగే వినపడతాయి. ఫొటో తెప్పించుకోవడం మేలు.

మొదటి మూడు అక్షరాలు తయారీదారును చెబుతాయి. ఎంబీఎల్ అంటే హీరో హోండా, తర్వాతి హీరో మోటోకార్ప్. ఎండీ2 బజాజ్, ఎండీ6 టీవీఎస్, ఎంఈ1 యమహా, ఎంఈ3 రాయల్ ఎన్‌ఫీల్డ్, ఎంఈ4 హోండా, ఎంబీ8 సుజుకి. బండి ట్యాంకు మీద స్ప్లెండర్ స్టిక్కరు ఉండి, చాసిస్ ఎండీతో మొదలైతే ఇక ముందుకు చదవనక్కర్లేదు.

ఏడు చెప్పే అక్షరం సాధారణంగా పదవది. 2001 నుంచి 2009 దాకా 1 నుంచి 9 అంకెలు. 2010కి ఏ, 2011కి బీ, 2012కి సీ, 2013కి డీ, 2014కి ఈ, 2015కి ఎఫ్, 2016కి జీ, 2017కి హెచ్. తర్వాత ఐ వదిలి 2018కి జే, 2019కి కే, 2020కి ఎల్, 2021కి ఎం, 2022కి ఎన్. ఓ వదిలి 2023కి పీ. క్యూ వదిలి 2024కి ఆర్, 2025కి ఎస్. ఏడు చెప్పే చోట యూ, జెడ్, సున్నా కూడా వాడరు. 30 ఏళ్లకు వరస మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి డీ అంటే 1983 కూడా, 2013 కూడా. అలాంటప్పుడు ఏదో తేల్చేది బండి రూపమే.

హీరో బండి మీద ఒక నమూనా చదివి చూద్దాం. ఎంబీఎల్‌హెచ్‌ఏ10ఈజే9జీబీ, ఆ తర్వాత అయిదంకెల వరస సంఖ్య. ఎంబీఎల్ కంపెనీ. హెచ్‌ఏ10ఈజే మోడల్, దాని రకం. పదో స్థానంలో 9, అంటే 2009. పదకొండో స్థానంలో జీ, గుర్‌గావ్ ఫ్యాక్టరీ. పన్నెండో స్థానంలో బీ, ఫిబ్రవరి. నెలలకు ఏ నుంచి ఎం దాకా ఐ వదిలి వాడతారు కనుక ఎం డిసెంబరు అవుతుంది. అంటే ఈ బండి 2009 ఫిబ్రవరిలో గుర్‌గావ్‌లో తయారైంది. ఆర్‌సిలో 2011 మోడల్ అని ఉంటే అడిగి తెలుసుకోవాల్సిన సంగతి ఉన్నట్టే.

ఇదే తాళంచెవి అన్ని కంపెనీల తాళాలకూ పడదు. ఫ్యాక్టరీ, నెల గుర్తులను ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెడుతుంది. పాత బజాజ్ చాసిస్‌లలో వరసగా కనిపించే జెడ్‌లు ఖాళీ పూడ్చడానికి వేసినవే; వాటికి అర్థం వెతికితే పొరబాటు. నలుగురు చెప్పుకునే లెక్కను మరో కంపెనీకి అంటగట్టడం వల్లే మోడల్ చూడడంలో ఎక్కువ తప్పులు జరుగుతాయి.

పదిహేడుకు ముందు

సరిహద్దు పల్లెల్లో ఇప్పటికీ నడిచే పాత హీరో హోండాలకు పొట్టి నంబర్లుంటాయి. చదవడం వీటిదే తేలిక. ఉదాహరణకు 05ఈ16సీ, ఆ వెనక వరస సంఖ్య. మొదటి రెండంకెలు 2005ని, తర్వాతి అక్షరం ఈ మే నెలను చెబుతాయి. 16సీ చాసిస్ రకం. ఇంజిన్ మీద 05ఈ15ఎం అనే తరహా ఉంటుంది. రెండింటి మొదటి మూడు అక్షరాలు కలిస్తే ఇంజిన్, చాసిస్ ఒకే నెలలో పుట్టినట్టు. ఇంజిన్ ఒక నెల ముందుదైనా అనుమానించక్కర్లేదు. ఫ్యాక్టరీలో ఇంజిన్ ముందు తయారై, చాసిస్ కోసం వేచి ఉండటం మామూలే. ఏడాది తేడా ఉంటే మాత్రం ఇంజిన్ మారిందని అర్థం.

నెలకో అక్షరం, ఏడుకో అక్షరం అన్న ఆలోచన మనది కాదు, కొత్తదీ కాదు. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1969 మోడళ్ల నుంచి ఇంజిన్ నంబరుకు ముందు రెండక్షరాలు పెట్టింది: మొదటిది నెల, రెండోది మోడల్ సంవత్సరం. అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ 1970కి ముందు ఇంజిన్ మీదే నంబరు కొట్టేది. ఫ్రేముకు నంబరు లేదు. బండి హక్కు కాగితం కూడా ఇంజిన్ నంబరుతోనే ఉండేది. అలాంటి చోట ఇంజిన్ మారితే బండి గుర్తింపే మారిపోతుంది. మన దగ్గర చాసిస్, ఇంజిన్ రెండూ ఆర్‌సిలో ఉంటాయి కనుక ఒకటి పోయినా రెండోది సాక్ష్యానికి నిలుస్తుంది.

దేశంలో తయారైన కాలాన్ని బట్టి పాత బండ్లకు ఒక హద్దు గీయవచ్చు. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1960ల మొదట్లో బండ్ల తయారీ మొదలుపెట్టి, 1970ల నుంచి యెజ్డీ పేరుతో అమ్మి, 1996లో మూతపడింది. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1985 నుంచి 1996 వరకే. ‘98 మోడల్ ఆర్‌ఎక్స్ 100’ అని ఎవరైనా అమ్మజూపితే, ఆ ఏడు రిజిస్ట్రేషన్‌దో మాటదో కావచ్చు, తయారీది మాత్రం కాదు. 50 ఏళ్లు దాటిన బండిని పాత రూపం చెడకుండా నిలబెట్టుకున్న వాళ్లకు 2021లో కేంద్రం ప్రత్యేక వింటేజ్ నంబర్లు ఇచ్చే నిబంధన తెచ్చింది. వీటికి ‘వీఏ’ అక్షరాలుంటాయి. ఆ దరఖాస్తుకు మోడల్ ఏడు తేలడమే మొదటి మెట్టు.

ఇంజిన్ నంబరు ఎవరి వయసు?

నా దృష్టిలో ఈ విషయంలో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ఇంజిన్ నంబరు చెప్పేది క్రాంక్‌కేసు వయసు. బండిది కాదు, పిస్టన్‌ది కాదు, బోరుది అసలే కాదు. స్ప్లెండర్ తరహా బండిలో ఆ నంబరు ఇంజిన్ ఎడమ వైపు, కింద, నూనె మడ్డి ఎక్కువగా పేరుకునే చోట ఉంటుంది. అందుకే చాలామంది చూడకుండానే వదిలేస్తారు.

కనెక్టింగ్ రాడ్ విరిగి క్రాంక్‌కేసు పగిలిందనుకోండి. కొత్త కేసు వేస్తే పాత నంబరు పోతుంది. పాత బండి నుంచి తీసిన ఇంజిన్ ఎక్కిస్తే ఇంకో బండి నంబరు వస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇంజిన్ మార్పిడిని పూర్తిగా నిషేధించదు. రిజిస్ట్రేషన్ అధికారి అనుమతితో మార్చి, 14 రోజుల్లో తెలిపి ఆర్‌సిలో రాయించుకోమంటుంది. నిజాయతీగా ఇంజిన్ మార్చుకుని, కాగితం రాయించుకోక, తనిఖీలో దొంగబండి అన్న మాట పడే రైతులూ కూలీలూ ఉంటారు. వాళ్ల మీద జాలి పడటం కంటే ఈ 14 రోజుల సంగతి ముందే చెప్పడం ఉపకారం.

బోరు కట్టించడం వయసును కాదు, వాడకాన్ని చెబుతుంది. బోరు అరిగినప్పుడల్లా కోసి పెద్ద సైజు పిస్టన్ వేస్తారు. పిస్టన్ తల మీద 0.25, 0.50, 0.75, 1.00 అని మిల్లీమీటర్ల లెక్క ఉంటుంది. హెడ్డు విప్పినప్పుడు 0.50 కనిపిస్తే కనీసం ఒకసారి, బహుశా రెండుసార్లు బోరు కట్టించారన్నమాట. మీటరులో 30 వేల కిలోమీటర్లు చూపిస్తూ పిస్టన్ మీద 1.00 ఉంటే నమ్మాల్సింది పిస్టన్‌ని.

పార్టు నంబరు ఇచ్చే హద్దు

హోండా, హీరో హోండా పార్టు నంబరు మూడు ముక్కలు. మొదటి అయిదంకెలు అది ఏ భాగమో చెబుతాయి: 13101 పిస్టన్, 12100 బోరు, 16100 కార్బొరేటర్, 17210 ఎయిర్ ఫిల్టర్. నడిమి మూడక్షరాలు ఆ భాగాన్ని మొదట ఏ మోడల్ కోసం గీశారో చెబుతాయి. చివరివి మార్పుల వరస. యమహా పద్ధతిలో మోడల్ గుర్తు ముందుకొస్తుంది, భాగం గుర్తు మధ్యకు జరుగుతుంది.

నడిమి మూడక్షరాలు బండి మోడల్‌ను చెబుతాయనుకుంటే తప్పు. పాత మోడల్‌కు గీసిన బోల్టు, గాస్కెట్, కేబుల్ కొత్త మోడళ్లలోనూ అదే నంబరుతో కొనసాగుతాయి. కాబట్టి పార్టు నంబరు ఒకే ఒక పక్క హద్దు గీస్తుంది: ఆ భాగం ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే అయితే, బండి ఆ డిజైన్ కంటే పాతది కాదు. ఎంత కొత్తదో అది చెప్పలేదు. పార్టు ప్యాకెట్ మీద ముద్రించిన నెల, ఏడు ప్యాకింగ్‌వి. వాటిని బండికి అంటగట్టకూడదు. లోకల్ పార్టుకు ఈ హద్దు కూడా ఉండదు.

నంబరు కంటే బాగా మాట్లాడేవి అచ్చు గుర్తులు. ప్లాస్టిక్ సైడు డూమ్ లోపలి వైపు, మడ్‌గార్డు అడుగున చిన్న గడియారం లాంటి గుండ్రని గుర్తు ఉంటుంది. చుట్టూ 1 నుంచి 12 దాకా నెలలు, నడుమ రెండంకెల ఏడు, ఒక బాణం. బాణం 8 వైపు చూపుతూ నడుమ 12 ఉంటే ఆ ముక్క 2012 ఆగస్టులో అచ్చయింది. బండిలోని నాలుగైదు ముక్కల మీద గడియారాలు చాసిస్ నెల కంటే ఒకటి రెండు నెలలు ముందుంటే బండి చాలావరకు ఫ్యాక్టరీ రూపంలోనే ఉన్నట్టు. టైరు పక్కన నాలుగంకెలు చూడండి: 3517 అంటే 2017లో 35వ వారం. టైర్లు మారుతూనే ఉంటాయి కనుక దానికి ఎక్కువ విలువ ఇవ్వనక్కర్లేదు, కానీ ‘షోరూం టైర్లే’ అన్న మాటను పరీక్షించడానికి అదొక్కటి చాలు. పాత ఇంగ్లిష్ బండ్లలో లూకాస్ కంపెనీ విద్యుత్ పరికరాల మీద నెల, ఏడు పంచ్ కొట్టేది.

కవర్ల మీది పేర్లూ సాక్ష్యమే. హీరో, హోండా విడిపోతున్నట్టు 2010 డిసెంబరులో ప్రకటించాయి. 2011లో కంపెనీ హీరో మోటోకార్ప్ అయింది. టీవీఎస్, సుజుకి 2001లో విడిపోయాయి. కానీ క్లచ్ కవరు, మాగ్నెట్ కవరు పాత ఇనుము దుకాణంలో దొరికే వస్తువులు. పేరు చూసి అనుమానించవచ్చు, తీర్పు చెప్పకూడదు.

చట్టం వేసిన గీతలు

ప్రభుత్వ నిబంధనలు బండి రూపంలో కొన్ని చెరగని గీతలు వేశాయి. సుప్రీంకోర్టు 2017 మార్చి 29న ఇచ్చిన ఆదేశంతో ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 కాలుష్య ప్రమాణాల బండ్ల అమ్మకం ఆగిపోయింది. నిల్వలు ఖాళీ చేయడానికి కంపెనీలు భారీ తగ్గింపులిచ్చాయి. ఆ చివరి రోజుల్లో రిజిస్టరైన బండ్లకు తయారీ నెల అంతకు చాలా ముందుదై ఉండవచ్చు; అది దోషం కాదు. అదే ఏప్రిల్ నుంచి హెడ్‌లైట్ స్విచ్ లేకుండా, ఇంజిన్ ఆన్ అయితే లైటూ వెలిగే పద్ధతి వచ్చింది. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, అంతకన్నా చిన్నవాటికి రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు తప్పనిసరైంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక స్ప్లెండర్ లాంటి బండ్లు కార్బొరేటర్ వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. కార్బొరేటర్ ఉన్న స్ప్లెండర్‌ను ‘2021 మోడల్’ అంటే చాసిస్ చూడకముందే కాదని చెప్పవచ్చు.

మోడల్ ఏడు తేడా వల్ల పోయేది మాటే కాదు, డబ్బు. బీమాలో బండి విలువను మూడు నుంచి నాలుగేళ్ల వయసుకు 40 శాతం, నాలుగు నుంచి అయిదేళ్లకు 50 శాతం తగ్గించి కట్టే పట్టిక చాలా కాలంగా ఉంది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చెల్లుతుంది. అంటే 2010 బండిని 2014 అని కొన్నవాడు నాలుగేళ్లు ముందుగానే రెన్యువల్ కోసం ఆఫీసు మెట్లు ఎక్కాలి. పామేడు నుంచి ఆ మెట్లు ఎంత దూరమో పైన చెప్పుకున్నాం.

చెరిపిన నంబరు

దొంగలు పాత నంబరు అరగదీసి కొత్తది కొడతారు. కంపెనీ పంచ్‌లో అక్షరాల ఎత్తు, లోతు, మధ్య ఖాళీ సమంగా ఉంటాయి. సుత్తితో ఒక్కో అక్షరం కొట్టినప్పుడు కొన్ని వాలతాయి, కొన్ని లోతుగా దిగుతాయి. చుట్టూ ఆకురాయి గీతలు, ఆ ఒక్కచోట మాత్రమే కొత్త రంగు, చుట్టూ పుట్టీ ఉబ్బు ఉంటే వేలితో తడిమినా తెలుస్తుంది.

పూర్తిగా అరగదీసినా ఉక్కు మర్చిపోదు. పంచ్ దెబ్బకు అక్షరం అడుగున ఉన్న లోహపు నిర్మాణం నలిగి ఉంటుంది. పైపొర తీసేసినా ఆ నలుగుడు కొంత లోతు వరకు మిగులుతుంది. ఫోరెన్సిక్ ప్రయోగశాలలో నున్నగా పాలిష్ చేసి, రాగి క్లోరైడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ద్రావణం పూస్తే నలిగిన చోట రసాయనం వేరుగా పనిచేసి పాత అక్షరాలు నీడలా పైకి తేలతాయి. అల్యూమినియం క్రాంక్‌కేసుకు వేరే ద్రావణాలు వాడతారు. ఈ పని ఇంట్లో చేయకూడదు. అనుమానం వచ్చిన బండి నంబరును మీరే రుద్దితే దర్యాప్తుకు మిగిలిన ఆధారం కూడా పోతుంది.

చూడాల్సిన క్రమం

ముందు చాసిస్, తర్వాత ఇంజిన్, ఆపైన ప్లాస్టిక్ గడియారాలు, చివర ఆర్‌సి. ఈ వరస కావాలనే చెబుతున్నాను. ఆర్‌సి ముందు చూస్తే కన్ను అందులో ఉన్న అక్షరాన్నే చాసిస్ మీద వెతుక్కుంటుంది. ముందు ఇనుము చదివి కాగితం మీద రాసుకుని, అప్పుడు ఆర్‌సి తెరిచి పోల్చాలి. తయారీ నెల, రిజిస్ట్రేషన్ తేదీ మధ్య రెండు మూడు నెలల తేడా సహజం. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన బండి అయితే ఎన్‌ఓసీ, పాత ఆర్‌సి నకలు అడగాలి. కేంద్ర ప్రభుత్వ పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి వివరాలు కలిసేదీ లేనిదీ చూడాలి. సిగ్నల్ అందని ఊరైతే చర్లలోనే ఆ పని ముగించుకుని, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.